మామిడికాయల సీజన్లో వదిన ఆట

మా వదిన మునిలక్ష్మి మా ఇంటికి కాపురానికొచ్చి రెండేళ్ళయినా నోరు తెరిచి ఒక్కటి అడిగిన పాపాన పోలేదు. చీర తెస్తే కట్టుకునేది, తేకపోతే ఉన్నదే ఉతుక్కునేది. అలాంటి మనిషి 1997 జూన్ నెలలో, బెంగళూరా మామిడికాయ మా మండీకి లారీలు లారీలుగా దిగుతున్న రోజుల్లో, అన్నానికి కూర్చున్న మా నాయన ముందు నిలబడి, "మామా, నేను టెన్నిసు ఆడేదానికి పోతాను" అంది. నాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అసలు ఆ గొడవంతా నాది. ఇంటర్‌లో నాకు వచ్చిన మార్కులు ఊళ్ళో చెప్పుకునేవి కావు. తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదవాలని నాకు పిచ్చి. అది జరగాలంటే ఆటల కోటాలో సీటు రావాలి, సీటు రావాలంటే ఏదైనా టోర్నమెంటులో కనీసం ఫైనల్ దాకా ఆడినట్టు కాగితం చూపించాలి. నాయన మాటైతే తేల్చి చెప్పేశాడు. "సీటొస్తే పో. రాకుంటే చిత్తూర్లోనే ఇంట్లో కూచుని పరీక్షలు రాసుకో."

నేను టెన్నిస్ నేర్చుకున్నది మా వీధిలో లాయరు గారమ్మాయి ఐశ్వర్య పుణ్యాన. వాళ్ళ నాన్నకు క్లబ్బులో సభ్యత్వం ఉంది. ఐశ్వర్యకు ఎదురుగా బంతి కొట్టేదానికి ఒక మనిషి కావాలి కాబట్టి నన్ను వెంటబెట్టుకుపోయేవాళ్ళు. నాలుగేళ్ళలో మేమిద్దరం మంచి డబుల్స్ జట్టు అయ్యాం. ఆ ఏడు మా క్లబ్బు మట్టికోర్టుల మీదే ఆడవాళ్ళ డబుల్స్ టోర్నమెంటు పెట్టారు. ఫైనల్ దాకా వెళ్తామని నాకు గట్టి నమ్మకం. సరిగ్గా పన్నెండు రోజుల ముందు ఐశ్వర్యకు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, మంచం చుట్టూ వేపాకు.

ఆ సాయంత్రం వంటింటి గడప మీద కూర్చుని నేను ఏడుస్తున్నాను. వదిన మండీ కూలీలకు సంగటి గెలుకుతోంది. సీజన్లో పద్నాలుగు మందికి రెండు పూటలా కూడు మా ఇంటి నుంచే పోవాలి. అంత పెద్ద డేగిసాలో ఉడికే రాగిపిండిని ఉండ కట్టకుండా కట్టెతో తిప్పడం మా అమ్మ వల్ల కూడా అయ్యేది కాదు. వదిన తల తిప్పకుండానే అడిగింది.

"ఆ ఆట ఆడోళ్ళే ఆడేది కదా?"

"ఊఁ."

"పెండ్లయినోళ్ళు ఆడొచ్చునా?"

నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. "ఆడొచ్చు వదినా. ఆడేది రావాల గానీ."

"అట్లయితే నేనాడతా," అంది.

నన్ను ఊరడించడానికి అందేమో అనుకున్నాను. కానీ రాత్రి భోజనాల దగ్గర నాయన ముందు నిలబడేసరికి నా ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. నాయన ముద్ద తిరిగి పళ్ళెంలో పెట్టి అడిగాడు. "ఎన్ని దినాలు?"

వదిన నోరు తెరిచే లోపల నేనే అందుకున్నాను. "ఒక్క దినమే నాయనా. మొదటి ఆటలోనే ఓడిపోయి వచ్చేస్తాం." అది అబద్ధం కాదు, నేను మనసారా నమ్మిన మాటే. కాకపోతే ఊరికే కూర్చుని ఏడవడం కంటే ఆడి ఏడవడం మేలనిపించింది.

"కూలోళ్ళకు కూడెవరు చేస్తారు?" అంది మా అమ్మ చంద్రకాంతమ్మ.

"చేసిపెట్టే పోతా అత్తా."

మా అన్న గిరిప్రసాద్ ఒకసారి పెళ్ళాం వైపు చూశాడు, ఒకసారి పళ్ళెం వైపు చూశాడు. ఒక్క దినమే కదా అనుకున్నట్టున్నాడు, మళ్ళీ అన్నంలో చెయ్యి పెట్టాడు.

మర్నాడు తెల్లారి అయిదింటికి క్లబ్బుకు పోయాం. అక్కడ రెండు మట్టికోర్టులు. ఎర్రమన్ను, పుట్టమన్ను కలిపి పరిచి, నీళ్ళు చల్లి, రోలరు లాగి, పేడనీళ్ళతో అలికి చేసిన కోర్టులవి. వాటిని చూసుకునేది చెంగయ్య. నీళ్ళు చల్లడం, గీతలు వేయడం, జత దొరకని సభ్యులకు ఎదురుగా నిలబడి ఆడడం, అన్నీ ఆయన పనే. అరవై దాటిన మనిషి.

వదిన కోర్టు అంచున చెప్పులు విడిచింది. వంగి అరచెయ్యి నేలకు ఆనించి చూసింది.

"మా కళ్ళం మాదిరే ఉండాది పాపా. దీన్ని చెప్పులతో ఎట్ల తొక్కేది?"

సరేలెమ్మని ఐశ్వర్య రాకెట్టు చేతికిచ్చి, వలకు అవతలికి పోయి, చిన్నపిల్లకు వేసినట్టు మెల్లగా ఒక బంతి వేశాను. బంతి నేల మీద పడి పైకి లేస్తే అప్పుడు కొడుతుంది కదా అని నా లెక్క. వదిన చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ముందుకు ఉరికి, బంతి పడకముందే ఫటేలుమని కొట్టింది. నా చెవి పక్కనుంచి పోయింది. రెండోది వేశాను, అంతే. మూడోదీ అంతే.

"వదినా, కింద పడనియ్యి! ఒకసారి పడి లేసినాక కొట్టొచ్చు!"

"పడితే పోయినట్టే కదా?" అంది వదిన, నిజంగానే అర్థం కాక.

చెంగయ్య చేతిలో బక్కెట కింద పెట్టి పకపకా నవ్వాడు. "ఏమ్మా, బాల్ బ్యాడ్మింటన్ ఆడినావా నువ్వు?"

మా వైపు పల్లెటూళ్ళ బడుల్లో ఆడపిల్లలు బాగా ఆడే ఆట అది. పసుపుపచ్చ ఉన్ని బంతి, అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. బంతి నేల తాకితే ఆట ముగిసినట్టే. వదిన సిగ్గుపడుతూ తలూపింది. "పూతలపట్టు బళ్ళో, పెంచలయ్య సారు కాడ నేర్చినా. జిల్లాకు ఆడినాను. గుంటూరు పోయినాం, వరంగల్లు పోయినాం. నడుమ నిలబడేది నేనే."

"ఎన్నేండ్లు ఆడినావు?"

"ఆరేండ్లు."

రెండేళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నాం. ఈవిడ సంగటి బాగా చేస్తుందని తెలుసు, తలనొప్పి వస్తే చెప్పదని తెలుసు. ఆరేళ్ళు జిల్లాకు ఆడిందని తెలియదు. మేం అడిగితే కదా. నాకు సిగ్గేసింది. సిగ్గుతో పాటే, అబ్బ, నా పని అవుతుందేమో అన్న ఆశ కూడా పుట్టింది. ఉన్న మాట చెప్పాలి కదా, ఆశే ఎక్కువ.

చెంగయ్య నన్ను పక్కకు పిలిచాడు. "పది దినాల్లో ఈమెకు టెన్నిసు నేర్పలేం పాపా. నేర్పబోతే ఉండేది కూడా పోతాది. కిందపడే బంతులన్నీ నువ్వు యెనక నిలబడి చూసుకో. ఆమెను వల కాడ నిలబెట్టు. గాల్లో వచ్చేదంతా ఆమె చూసుకుంటాది."

సర్వీసు ఆమె చెయ్యి కింది నుంచే వేసేది, ఉన్ని బంతి వేసినట్టు. మణికట్టుతో ఒక కోత కోసి వదిలేది. బంతి అవతలి గళ్ళో పడి లేవనంటూ మొరాయించేది. "అట్ల వేసినా రూలుకు ఒప్పే" అన్నాడు చెంగయ్య. ఆయన ఆమెకు నేర్పాలని చూసినవి రెండే రెండు. ఎదుటివాళ్ళ సర్వీసును మాత్రం ఒకసారి నేలన పడనిచ్చి కొట్టాలి. గీత దాటిపోయే బంతిని వదిలెయ్యాలి. రెండూ ఆమెకు ఒంటబట్టలేదు. పడబోయే బంతిని చూస్తే ఆమె ప్రాణం ఆగేది కాదు.

మొదటి ఆట బుధవారం సాయంత్రం. నెల్లూరు నుంచి వచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలు మా ఎదురు. వదిన నా పంజాబీ డ్రెస్సు వేసుకుంది. బూట్లు లేకుండా కోర్టులోకి రానివ్వమన్నారు కాబట్టి చెంగయ్య తన మనవరాలి గుడ్డ బూట్లు తెచ్చాడు. అవి వదులైతే లోపల పాతగుడ్డ కుక్కాం. కంచె బయట యాభై మంది దాకా చేరారు.

రెండో గేములోనే తమాషా జరిగింది. నెల్లూరమ్మాయి సర్వీసు వేగంగా వేసింది. వదిన రెండడుగులు ముందుకు దూకి, బంతి నేల తాకకముందే కొట్టేసింది. అది వాళ్ళిద్దరి నడుమ నుంచి దూసుకుపోయింది. జనం చప్పట్లు. అంపైరు పాయింటు వాళ్ళకిచ్చాడు. వదిన నేరుగా అంపైరు కుర్చీ దగ్గరికి పోయింది.

"సార్, వాళ్ళు అందుకోలేకపోయినారు కదా? నేనేం తప్పు జేసినాను?"

జనం ఒకటే నవ్వు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అదే తప్పు ఇంకా మూడుసార్లు చేసింది. మొదటి సెట్టు ఆరు–రెండుతో పోయింది. వైపులు మారేటప్పుడు నేను పళ్ళు కొరుకుతూ, "సర్వీసును పడనియ్యి వదినా, నీకు దండం పెడతా" అన్నాను.

"పడనిస్తే మనసొప్పడం లేదు పాపా," అంది. కాసేపు గీత వైపు చూస్తూ నిలబడింది. తర్వాత సర్వీసు అందుకునే చోటికి కాకుండా దానికి నాలుగడుగులు వెనక్కి, దాదాపు కంచె దగ్గరికి పోయి నిలబడింది. "ఈడ నిలబడితే నేనెంత ఉరికినా అది పడకముందు అందదు. పడినాకే అందుతాది."

తన బుద్ధి మారదని తెలుసుకుని కాళ్ళను దూరంగా కట్టేసుకున్న మనిషిని నేను అప్పుడే చూశాను. సర్వీసును అక్కడి నుంచి ఎలాగో అవతలికి తోసి, తోసిన చేత్తోనే వల దగ్గరికి పరుగు. వల దగ్గరికి చేరిందంటే ఇక ఆమెను దాటి ఒక్క బంతీ పోయేది కాదు. ఎడమకొస్తే ఎడమకు, కుడికొస్తే కుడికి, పొట్టకు గురిచూసి కొడితే పొట్ట ముందే. సంగటి కట్టె తిప్పే మణికట్టు అది, ఎంత బలంగా వచ్చిన బంతినైనా ఇట్టే మళ్ళించేది. ఆ సెట్టులోనే ఒక బంతి మా ఇద్దరి నడుమకు లేచి వచ్చింది. నేను కదిలే లోపల ఒక గొంతు వినిపించింది.

"నాదీ!"

ఎవరిదో అనుకున్నాను. రెండేళ్ళలో మా ఇంట్లో ఆ గొంతు పక్క గదిలోకి కూడా వినిపించింది లేదు. కోర్టు అవతల రోడ్డు మీద సైకిల్ మీద పోయేవాడు కూడా దిగి చూశాడు. ఆ సెట్టూ గెలిచాం, మూడోదీ గెలిచాం.

ఇంటికొచ్చేసరికి నాయన వసారాలో కూర్చుని ఉన్నాడు. "ఓడిపోయినారా?"

"లేదు నాయనా, గెలిచినాం."

"అయ్యో," అన్నాడు నాయన. "అంటే మళ్ళా రేపు కూడా పోవాల్నా?"

వంట వదిన చేసిపెట్టే పోయేది గానీ, రాత్రి సంగటి మాత్రం వేడివేడిగా అప్పటికప్పుడు చెయ్యాల్సిందే. ఆ పని అమ్మ మీద పడింది. గురువారం మేం రెండో ఆట గెలిచి వచ్చేసరికి మండీ మేస్త్రీ ఎల్లప్ప మా పెరట్లో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "అమ్మా, తప్పుగా అనుకోవద్దు, ఈ పొద్దు సంగటి కొరుక్కుని తినాల్సొచ్చింది" అంటున్నాడు. అమ్మ కట్టె ఎత్తింది, వాడు పరుగు. వదిన ఓడిపోవాలని మా మండీలో పద్నాలుగు మంది మనస్ఫూర్తిగా కోరుకున్న వారం అది. రోజూ మేం రాగానే, "చిన్నమ్మ గెలిచిందా, ఓడిందా?" అని ఒకడు వచ్చి అడిగి, ముఖం వేలాడేసుకుని పోయేవాడు.

శుక్రవారం సెమీఫైనల్, వేలూరు నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ, ఆమె కూతురు. తల్లీకూతుళ్ళు వెనక గీత దగ్గర నిలబడి గోడ కట్టినట్టు ఆడారు. నా చెయ్యి పడిపోయింది. వదిన మాత్రం అలసట అన్నది తెలియనట్టు అటూ ఇటూ ఉరుకుతూ, పడబోయే ప్రతి బంతికీ అడ్డం పడింది. ఒక బంతి కోసం మోకాళ్ళ మీద జారిపోయి, లేచేసరికి డ్రెస్సు చిరిగి మోకాలు ఎర్రమట్టితో, నెత్తురుతో కలిసిపోయి ఉంది. ఆ పాయింటు మాకే వచ్చింది. ఆట కూడా.

క్లబ్బు సెక్రటరీ నా భుజం తట్టి, "ఫైనల్‌కొచ్చేశావు, నీ కాగితం ఖాయం" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. ఆ కాగితంతోనే నేను తిరుపతిలో చదివాను. ఈ రోజుకీ దాన్ని చూస్తే నాకు ఆ రాత్రి అన్నాల దగ్గర నేను కూర్చున్న తీరే గుర్తొస్తుంది.

అన్న ముందుగా మొదలుపెట్టాడు. "పాపకు కాయితం వచ్చేసింది గదా. ఇంక ఆదివారం ఆట ఎందుకు? సోమవారం బంగారుపాళెం కాయంతా దిగుతాది. ఆదివారమే అన్నీ సర్దుకోవాల. అమ్మ వల్ల కాలేదు."

నాయన నా వైపు చూశాడు. "ఏం పాపా? నీకింక దాంతో పనుండాదా?"

నేను, "లేదు నాయనా" అన్నాను. ఎంత సులువుగా అన్నానో! నా పని అయిపోయింది మరి. నన్ను అక్కడి దాకా మోసుకొచ్చిన మనిషి గీరుకుపోయిన మోకాలితో నాకు పప్పు వడ్డిస్తోంది, నేను ఆమె ముఖం కూడా చూడలేదు. పద్దెనిమిదేళ్ళ వయసుకు అంత స్వార్థం సహజమని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను గానీ, నన్ను నేను క్షమించుకోవడానికి అది సరిపోదు.

వదిన పప్పుగిన్నె కింద పెట్టింది.

"పాపకు కాయితం వచ్చింది మామా," అంది మెల్లగా. "నాకింకా ఒక ఆట మిగిలుండాది."

నాయన చాలాసేపు మజ్జిగన్నం కలుపుతూనే ఉన్నాడు. తినడం ముగించి, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ అడిగాడు. "ఆదివారం ఎన్ని గంటలకి?"

"నాలుగింటికి మామా."

"ఎండ దిగినాక కదా," అన్నాడు. "మంచిదే."

ఫైనల్లో మా ఎదురు బెంగళూరు జట్టు. ఇద్దరూ బ్యాంకు ఉద్యోగులు, పదేళ్ళుగా కలిసి ఆడుతున్నవాళ్ళు. వాళ్ళలో వీణ అనే పొడుగామె వదిన బలహీనత పది నిమిషాల్లో పట్టేసింది. వల దగ్గర నిలబడ్డ వదిన తల మీదుగా ఎత్తుగా లేపి కొట్టడం, గీత దాటిపోయే బంతులను కావాలనే ఆమె చేతికి అందేట్టు పంపడం. వదిన వదలదు కదా, అవుటుకు పోయేదాన్ని కూడా కొడుతుంది. "వదిలెయ్ వదినా!" అని అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. మొదటి సెట్టు ఆరు–మూడు, వాళ్ళది.

రెండో సెట్టులో వదిన వల దగ్గర నుంచి కొంచెం వెనక్కి జరిగి, కోర్టు నడుమ నిలబడింది. టెన్నిస్ తెలిసినవాళ్ళెవరూ నిలబడని చోటు అది, బంతి సరిగ్గా కాళ్ళ దగ్గర పడుతుంది. పడితే కదా! ముందుకూ వెనక్కీ తిరుగుతూ అన్నిటినీ గాల్లోనే అందుకుంది. పూతలపట్టు బళ్ళో పదిమంది నడుమ ఆమె నిలబడింది అలాగే కాబోలు. చెంగయ్య కంచె పట్టుకుని, "అదీ! ఆడనే ఉండమ్మా, ఆడనే ఉండు!" అని కేకలు. ఆరు–నాలుగుతో ఆ సెట్టు మాది. అప్పుడు చూశాను, కంచె అవతల తుమ్మచెట్టు పక్కన మా అన్న. దోవన పోతూ ఆగినట్టు నిలబడ్డాడు గానీ, మండీ ఆ దోవలో లేదు.

మూడో సెట్టు నాలుగు–నాలుగు దగ్గర వాన మొదలైంది. నిమ్మకాయంత చినుకులు. పది నిమిషాల్లో కోర్టు మీద ఎర్రనీళ్ళు పారాయి. గొడుగు కింద నిలబడి రిఫరీ తేల్చాడు. మిగిలింది రేపు పొద్దున ఆడాలి. బెంగళూరు వాళ్ళు మధ్యాహ్నం బస్సుకు బయలుదేరాలి కాబట్టి, పదిన్నరకు కోర్టు ఆరకపోతే రెండు జట్లకూ కలిపి కప్పు ఇచ్చేస్తారు. బెంగళూరు వాళ్ళు సరేనన్నారు. నాకూ అదే బాగుందనిపించింది. వదిన తడుస్తూ ఇంటికొచ్చి, చీర మార్చుకుని, సంగటి డేగిసా పొయ్యి మీద పెట్టింది.

సోమవారం పొమ్మని ఎవరూ చెప్పలేదు, వద్దనీ అనలేదు. నాయన, అన్న తెల్లవారకముందే మండీకి పోయారు. వదిన నాలుగింటికే లేచి వంటంతా ముగించి, నన్ను లేపి, "పోదాం రా పాపా" అంది. ఏడున్నరకు క్లబ్బుకు చేరేసరికి కోర్టు మీద మడమలు మునిగే నీళ్ళు. చెంగయ్య ఒక్కడే ఒక గోనెపట్టాతో నీళ్ళు అద్ది బక్కెట్లోకి పిండుతున్నాడు. "ఇది సాయంత్రానికి గానీ ఆరదమ్మా," అన్నాడు. వదిన ఇంకో గోనెపట్టా తీసుకుని వంగింది. ఇక నేనెలా నిలబడతాను? నేనూ వంగాను. అరగంట పిండితే ఒక మూల కూడా ఖాళీ కాలేదు.

ఎనిమిదింటికి రోడ్డు మీద ట్రాక్టరు చప్పుడు. మా మండీ ట్రాక్టరే. వెనక పొడి గోనెసంచులు గుట్టగా, వాటి మీద ఎల్లప్ప, ఇంకో తొమ్మిది మంది. అన్న ముందు నుంచి దిగి, పంచె మోకాళ్ళ పైకి కట్టుకున్నాడు.

"కాయలు రెండు గంటలు ఆగితే కుళ్ళిపోవులే," అన్నాడు ఎవరితోనూ కాకుండా.

"పెద్దాయన మిగిలిన నలుగురితో లారీలు దించుకుంటా ఉండాడు చిన్నమ్మా," అన్నాడు ఎల్లప్ప. "తొందరగా కానీమని చెప్పి పంపినాడు. ఈ పొద్దుతో ఇది తేలిపోతే మాకూ మెత్తటి సంగటి."

కాయల బరువు మోసి మోసి పనిలో వరస నేర్చినవాళ్ళు వాళ్ళు. పదిమంది ఒక గీత మీద వంగి, సంచులు పరిచి, తొక్కి, ఎత్తి, పిండి, ఒకేసారి ముందుకు జరిగారు. మూడుసార్లు అటూ ఇటూ పోయేసరికి నేల కనిపించింది. చెంగయ్య పొడి ఎర్రమన్ను చల్లాడు, అన్న, ఎల్లప్ప రోలరు లాగారు. వదిన వాళ్ళ వెనకే నడుస్తూ, మెత్తగా ఉన్న చోటల్లా కాలితో తొక్కి చూసి, "ఈడింకొంచెం" అని చెప్పింది. మా అన్న ఆ చోటికి రోలరు లాగాడు. పదింబావుకు రిఫరీ వచ్చి, బూటుకాలితో నేలను నొక్కి చూసి, "ఆడండి" అన్నాడు.

ఇక ఆడింది నాలుగు గేములే. వదిన సర్వీసు వేసింది, చెమ్మ నేల మీద ఆ కోత బంతి అసలు లేవలేదు. అయిదు–నాలుగు. మండీ వాళ్ళ ఈలలకు కంచె అదిరింది. తర్వాత వాళ్ళ సర్వీసు, సమానం చేశారు. నా సర్వీసు నేను పోగొట్టాను. చివరి గేములో చివరి పాయింటు చాలాసేపు నడిచింది. వీణ మళ్ళీ వదిన తల మీదుగా లేపింది. వదిన వెనక్కి తిరిగి, వలకు వీపు పెట్టి పరిగెత్తి, బంతి నేలకు జానెడు ఎత్తున ఉండగా తల మీదుగా వెనక్కి కొట్టింది. అలాంటి దెబ్బ నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. బంతి పోయి వల అంచుకు తగిలి, ఒక్క క్షణం ఆగి, మా వైపే పడింది. ఏడు–అయిదు. ఓడిపోయాం.

నేను అక్కడే కూర్చుని భోరుమన్నాను. నా సర్వీసు వల్లే పోయిందన్న ఏడుపు అది. కాగితం సంగతి అప్పుడు గుర్తుకు కూడా రాలేదు. వదిన నన్ను లేవనెత్తి, వల దగ్గరికి నడిపించింది. వీణ చెయ్యి అందించి, "ఎన్నేళ్ళుగా ఆడుతున్నారమ్మా టెన్నిస్?" అంది.

"పదిహేను దినాలైంది," అంది వదిన. వీణ నవ్వింది, నమ్మినట్టు లేదు. వదిన ఆమె చెయ్యి వదల్లేదు. "మళ్ళా మీరు యాడ ఆడతారు?"

"ఆగస్టులో కోలారులో ఉంది. వస్తారా?"

వదిన కంచె వైపు తిరిగింది. అన్న మోకాళ్ళ దాకా ఎర్రబురదతో ట్రాక్టరుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఆగస్టులో కోలారంట," అంది, కోర్టులో అరిచే గొంతుతోనే.

మండీ వాళ్ళందరూ అన్న వైపు చూశారు. అన్న పంచె దించుకుని, బురద దులుపుకున్నాడు.

"బెంగళూరు బస్సెక్కితే దోవలో ఆడే దింపుతాడు," అన్నాడు. "పొద్దున ఆరింటికి ఒకటుండాది."